జంతువులు కనబడాలంటే పార్కులో రాత్రి ఉండాలి: బ్రాజోస్ బెండ్‌లో మొదటి క్యాంపింగ్

ముందు మీ ప్రశ్న క్లుప్తంగా చెప్తాను, తర్వాత చదివేవాళ్లకు కూడా అర్థమవుతుంది. మీరు ఉండేది టెక్సస్‌లో, హ్యూస్టన్ పక్కనున్న షుగర్‌ల్యాండ్‌లో. ఆరేళ్ల పాప, తొమ్మిదేళ్ల బాబు. అత్తగారు, మామగారు ఇండియా నుంచి వచ్చి డిసెంబరు దాకా ఉంటారు. నవంబరు చివర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ సెలవుల్లో అందరూ కలిసి ఏదైనా స్టేట్ పార్కులో రెండు రాత్రులు ఉండి పిల్లలకు అడవి జంతువులు చూపించాలని మీ ఆలోచన. ఇంతవరకు ఎవరూ టెంట్‌లో పడుకోలేదు. మీ ఫ్రెండ్స్ బ్రాజోస్ బెండ్ స్టేట్ పార్కుకు వెళ్లొచ్చి "ఏముందక్కడ, నాలుగు కొంగలు, ఒక మొసలి, అంతే" అన్నారు. అందుకని అక్కడికే వెళ్లాలా, ఇంకెక్కడికైనా పోవాలా, మొసళ్లున్న చోట పిల్లలతో పడుకోవడం సేఫేనా, ఏమేం కొనాలి అని అడిగారు.

బ్రాజోస్ బెండ్‌కే వెళ్లండి. మీ ఇంటి నుంచి గంట లోపు ప్రయాణం, మొదటిసారి వెళ్లేవాళ్లకు అదే పెద్ద ధైర్యం. పాపకు జ్వరం వచ్చినా, మామగారికి నడుం పట్టేసినా సామాను కార్లో పడేసుకుని ఇంటికి వచ్చేయొచ్చు. ఇక మీ ఫ్రెండ్స్ మాట అంటారా, వాళ్లు ఎన్నింటికి వెళ్లి ఎన్నింటికి వచ్చారో ఒకసారి అడగండి. పొద్దున్న టిఫిన్ చేసి బయల్దేరి పదకొండింటికి గేటు దాటి, లంచ్ తిని, చెరువు చుట్టూ ఒక రౌండ్ కొట్టి నాలుగింటికి తిరుగుముఖం పట్టి ఉంటారు. మనలో చాలామంది చేసేది ఇదే. జింకలు, కుందేళ్లు, గుడ్లగూబలు, ఆర్మడిల్లోలు, రకూన్లు ఆ వేళకు పెద్దగా బయట తిరగవు. అవి తిరిగేది తెల్లవారుజామున, మసక చీకట్లో, రాత్రి. అంటే డే పాస్ మీద వచ్చినవాళ్లు గేటు దాటేలోపు సగం అయిపోతుంది, వాళ్లు వెళ్లిపోయాక మిగతా సగం మొదలవుతుంది. ఆ రెండు పూటలూ పార్కు లోపల ఉండాలంటే అక్కడే పడుకోవడం మేలు. నా దృష్టిలో క్యాంపింగ్ అసలు లాభం ఇదే. చలిమంట, మార్ష్‌మెలోలు అన్నీ బాగుంటాయి, కాదనను, కానీ జంతువులు చూడాలన్న కోరిక ఉన్నవాళ్లకు టెంట్ అంటే తెల్లవారేసరికి చెరువుగట్టు మీద ఉండే అవకాశం.

పార్కు గురించి కొంచెం. హ్యూస్టన్ డౌన్‌టౌన్‌కు నైరుతిగా సుమారు 45 మైళ్ల దూరం, నీడ్‌విల్ ఊరి దగ్గర, దాదాపు 5,000 ఎకరాలు, జనానికి తెరిచింది 1984లో. ఒక పక్క బ్రాజోస్ నది, లోపల చెరువులు, బురద నేలలు, పెద్ద పెద్ద లైవ్ ఓక్ చెట్లు, వాటి కొమ్మల నుంచి వేలాడే స్పానిష్ మాస్. మీకు పనికొచ్చే చెరువులు మూడు: 40 ఎకర్ లేక్, ఎల్మ్ లేక్, క్రీక్‌ఫీల్డ్ లేక్. మొదటి రెండింటి చుట్టూ కట్ట మీద చదునైన దారి ఉంది, ఎక్కడం దిగడం లేదు. 40 ఎకర్ దగ్గర ఎత్తైన టవర్ ఉంది, ఎక్కితే చుట్టూ నీళ్లూ, గడ్డీ అంతా కనబడుతుంది. క్రీక్‌ఫీల్డ్ చుట్టూ దారి అరమైలే, గట్టిగా చదును చేసింది, వీల్‌చెయిర్ కూడా వెళ్తుంది, కాబట్టి మీ అత్తగారికీ మామగారికీ అదే సరైనది. పక్కనే నేచర్ సెంటర్. పిల్లలను మొదటి రోజు మధ్యాహ్నమే అక్కడికి తీసుకెళ్లండి. బుల్లి మొసలిని దగ్గర్నుంచి చూస్తారు, వలంటీర్లు ఓపిగ్గా చెప్తారు, ఆ తర్వాత చెరువు దగ్గర ఏం వెతకాలో పిల్లలకు ముందే తెలిసి ఉంటుంది.

నవంబరు గురించి ఒక ముఖ్యమైన విషయం, ఇది చాలామంది పట్టించుకోరు. మొసళ్లది చల్లటి రక్తం, వాటి ఒంటి వేడి బయటి వేడి మీదే ఆధారపడుతుంది. దాదాపు 70 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే చల్లబడితే తిండి మానేస్తాయి, 55 కంటే తగ్గితే దాదాపు కదలకుండా పడి ఉంటాయి. థాంక్స్‌గివింగ్ సమయానికి హ్యూస్టన్ చుట్టుపక్కల పగలు 70 దగ్గర, రాత్రి 50ల్లో ఉండడం మామూలు. కాబట్టి ఆ నెలలో మొసలి కోసం తెల్లవారుజామున వెతికితే నీళ్లలో రెండు కళ్లు తప్ప ఏమీ దొరక్కపోవచ్చు. వాటి టైమ్ వేరు: ఎండ బాగా కాసే రోజు, పదకొండు నుంచి మూడు మధ్య, గట్టు మీదికి వచ్చి ఎండకు పడుకుంటాయి. మీ రోజును ఇలా పంచుకోండి: తెల్లవారుజాము పక్షులకూ జింకలకూ, మిట్టమధ్యాహ్నం మొసళ్లకు, సాయంత్రం మళ్లీ జింకలకూ గూళ్లకు చేరే పక్షులకూ, రాత్రి గుడ్లగూబలకు. మధ్యలో పిల్లలు నిద్రపోనీండి. మబ్బు పట్టి గాలి చల్లగా ఉన్న రోజైతే మొసలి కనబడుతుందని పిల్లలకు మాట ఇవ్వకండి, ఆరోజు పక్షుల మీద పెట్టండి మనసంతా.

చలికాలం కాబట్టి పక్షులకు కొదవుండదు. ఉత్తరం నుంచి బాతులు దిగుతాయి. తెల్లకొంగలు, నారాయణ పక్షిలా నిలువెత్తు నిలబడే గ్రేట్ బ్లూ హెరాన్లు, ఈల వేసినట్టు అరిచే బ్లాక్ బెల్లీడ్ విజిలింగ్ డక్స్ ఉంటాయి, అదృష్టం ఉంటే గులాబీ రంగు తెడ్డుమూతి కొంగ కూడా కనబడుతుంది, ఇక్కడ రోజియేట్ స్పూన్‌బిల్ అంటారు. మీ మామగారిది కొల్లేరు వైపు అన్నారు కదా, ఆయనకు ఈ పార్కు చాలా నచ్చుతుందని నా నమ్మకం. కొల్లేట్లో కొంగలను చూసి పెరిగిన మనిషికి చెరువు మీద ఎక్కడ చూడాలో, ఏ గడ్డి ఎందుకు కదిలిందో మనకంటే బాగా తెలుస్తుంది. మనవడి పక్కన ఆయన్ను కూర్చోబెట్టి బైనాక్యులర్ చేతికివ్వండి, మీరు మాట్లాడాల్సిన పనే ఉండదు.

ఇప్పుడు బుకింగ్. టెక్సస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ వెబ్‌సైట్లో రాత్రి బసకు ఐదు నెలల ముందు నుంచి రిజర్వేషన్ దొరుకుతుంది, డే పాస్ అయితే 30 రోజుల ముందు నుంచి. హ్యూస్టన్ దగ్గరి పార్కు కాబట్టి వీకెండ్లు ముందే అయిపోతాయి, థాంక్స్‌గివింగ్ తర్వాతి శుక్ర, శనివారాలు మరీను. ఆ వారమంతా చాలా స్కూళ్లకు సెలవే, కాబట్టి ఆదివారం మధ్యాహ్నం వెళ్లి మంగళవారం వచ్చేలా చూడండి. సైట్లు, అంటే టెంట్ వేసుకునే చోట్లు, దొరకడం సులువు, జనం తక్కువ, జనం తక్కువైతే జంతువులు దారుల దగ్గరికే వస్తాయి. ఖాళీ లేదని చూపిస్తే వదిలేయకండి, క్యాన్సిలేషన్లు వస్తూనే ఉంటాయి, రోజూ ఒకసారి చూస్తుంటే దొరుకుతుంది. ఒక్కో సైటుకు 8 మంది దాకా అనుమతి, మీరు ఆరుగురే కాబట్టి ఒక్క సైటు చాలు. పన్నెండేళ్లు, అంతకంటే తక్కువ వయసు పిల్లలకు ఎంట్రీ ఉచితం. ఏడాదికి రెండు మూడుసార్లయినా వెళ్తామనుకుంటే స్టేట్ పార్క్స్ పాస్ తీసుకోండి, ఒకే కారులో వచ్చినవాళ్లందరికీ ఎంట్రీ ఫీజు ఉండదు, అయితే క్యాంప్‌సైట్ ఫీజు మాత్రం విడిగా కట్టాలి. నేషనల్ పార్కుల పాస్ ఇక్కడ చెల్లదు, అది వేరే వ్యవస్థ. ఇంకొకటి: చలికాలంలో కొన్ని స్టేట్ పార్కులను పర్మిట్ ఉన్న వేటగాళ్ల కోసం కొన్ని రోజులు పూర్తిగానో సగమో మూసేస్తారు. బుక్ చేసేముందు ఆ పార్కు పేజీలో అలర్ట్స్ చదవండి. బ్రాజోస్ బెండ్ పల్లంలో ఉన్న పార్కు, 2016లో, మళ్లీ 2017లో హార్వీ తుఫానప్పుడు నది పొంగి మూతపడింది, కాబట్టి పెద్ద వానల తర్వాత ఫోన్ చేసి కనుక్కుని బయల్దేరడం మంచిది.

పెద్దవాళ్లను ఎక్కడ పడుకోబెట్టాలి అన్నది మీరు రాయలేదు కానీ అసలు టెన్షన్ అదేనని నాకు అర్థమైంది. వాళ్లను టెంట్‌లో నేల మీద పడుకోబెట్టకండి. ఈ పార్కులో స్క్రీన్డ్ షెల్టర్లు ఉంటాయి: పైకప్పు, గట్టి నేల, చుట్టూ దోమతెర గోడలు, లోపల కరెంటు. మంచం ఉండదు, మడత మంచాలు మనమే తీసుకెళ్లాలి. గాలి లోపలికి కొడుతుంది కాబట్టి చలి తెలుస్తుంది, మందపాటి రగ్గులూ, చెవులకు మఫ్లర్లూ తప్పనిసరి. అది దొరికితే మీ అత్తమామలు షెల్టర్ లోపల, మీరూ పిల్లలూ పక్కన టెంట్‌లో ఉండొచ్చా అని బుకింగ్ అప్పుడే అడగండి, షెల్టర్‌ను బట్టి టెంట్‌కు చోటు ఉంటుంది, ఉండదు. దొరక్కపోతే కరెంటు ఉన్న మామూలు సైటు తీసుకుని, నిలబడగలిగేంత ఎత్తున్న టెంట్ వేసి, వాళ్లకు అందులో మడత మంచాలు వేయండి. వంగి దూరాల్సిన టెంట్లో మోకాళ్ల నొప్పులున్నవాళ్లు రాత్రి బాత్రూముకు లేవడం నరకం. క్యాంప్‌గ్రౌండ్లో వేడినీళ్ల షవర్లతో రెస్ట్‌రూములు ఉంటాయి, మ్యాపులో చూసి రెండు మూడు సైట్ల దూరంలో ఉండేది ఎంచుకోండి. మరీ ఆనుకుని వద్దు, రాత్రంతా లైటూ, తలుపు చప్పుడూ. ఒక్కొక్కరికీ ఒక తల లైటు ఇవ్వండి, చేత్తో పట్టుకునే టార్చి కంటే అదే మేలు.

ఆ రోజుల్లో ఐదున్నరకల్లా సూర్యాస్తమయం. ఇంటి నుంచి తీరిగ్గా నాలుగింటికి బయల్దేరితే చీకట్లో టెంట్ వేయాల్సి వస్తుంది, మొదటిసారి వేసేవాళ్లకు అది మంచి అనుభవం కాదు. రెండు, మూడు గంటలకల్లా అక్కడ ఉండండి. అంతకుముందు వారం ఇంటి వెనక యార్డులో టెంట్ ఒకసారి వేసి, తీసి, మడత పెట్టండి. పిల్లలతో చేయించండి, వాళ్లకు అదే ఒక పండగ. సైటుకు వెళ్లాక పరిచేముందు నేలంతా కాలితో తొక్కి చూడండి, మట్టి పొడిపొడిగా కుప్పలా ఉంటే అది ఫైర్ యాంట్స్ పుట్ట, దాని మీద గానీ పక్కన గానీ టెంట్ వేయకూడదు. ఆ చీమలు కుడితే పాప రాత్రంతా ఏడుస్తుంది. మూడేసి ఆకులతో ఉండే తీగలను ముట్టుకోవద్దని పిల్లలకు చెప్పండి, తగిలితే దద్దుర్లెక్కే పాయిజన్ ఐవీ ఇక్కడ బోలెడు.

రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా సైటు దాటి చప్పుడు వినబడకూడదని రూల్. నేనైతే ఏడు తర్వాతే గొంతులు తగ్గించమంటాను. మనవాళ్లు ఐదారు ఫ్యామిలీలు కలిసి వెళ్లే క్యాంపింగ్ సరదాగా ఉంటుంది, అంత్యాక్షరి, పేకాట, బార్బెక్యూ అన్నీ ఉంటాయి, దానికీ ఒక ట్రిప్ పెట్టుకోండి, కానీ జంతువులు చూడాలని వెళ్లే ట్రిప్ వేరుగా పెట్టుకోండి. బ్లూటూత్ స్పీకర్ ఇంట్లోనే ఉండనీండి. గుడ్లగూబ అరుపు విన్న పిల్లల మొహాలు చూస్తే ఎందుకు చెప్తున్నానో మీకే తెలుస్తుంది. బార్డ్ ఔల్ అనే గుడ్లగూబ ఈ పార్కులో బాగా వినబడుతుంది, లోతైన గొంతుతో ఎనిమిది దరువుల్లో అరుస్తుంది, ఒక చెట్టు మీద నుంచి ఒకటి అంటే ఇంకో చెట్టు నుంచి ఇంకోటి జవాబిస్తుంది. ఏ పక్షి అరుపో తెలియకపోతే కార్నెల్ యూనివర్సిటీ వాళ్ల మెర్లిన్ యాప్ ఫోన్లో పెట్టుకోండి, వింటూ పేరు చెప్తుంది. మన ప్రాంతం పక్షుల ప్యాక్ ఇంట్లో ఉండగానే డౌన్‌లోడ్ చేసుకోండి, అక్కడ సిగ్నల్ మీద ఆధారపడొద్దు. ఆ యాప్‌లోని అరుపులను గట్టిగా ప్లే చేసి పక్షిని పిలవడం మాత్రం చేయకండి, దాని చోటులోకి వేరే పక్షి వచ్చిందనుకుని అది అనవసరంగా బెదిరి అలిసిపోతుంది.

పిల్లలకు రాత్రి చూపించాల్సింది ఇంకోటుంది. తల లైటు కళ్ల పక్కన, అదే ఎత్తులో పట్టుకుని గడ్డి మీద వేసి చూస్తే చిన్న చిన్న మెరుపులు కనబడతాయి. మంచు బిందువులనుకుంటారు, దగ్గరికి వెళ్తే సాలీళ్ల కళ్లు. జింక కళ్లు తెల్లగా, కొంచెం పచ్చగా మెరుస్తాయి, మొసలి కళ్లు నిప్పుకణికల్లా ఎర్రగా. కంటి వెనక ఒక పొర వెలుగును తిప్పి కొడుతుంది, అందుకే ఆ మెరుపు. లైటు నీళ్ల మీద ఒక్క క్షణం వేసి తీసేయండి, ఏ జంతువు కళ్లలోకీ ఆపి ఉంచొద్దు. ఇది చూడాలంటే టవర్ మీద నుంచో, రేంజర్లో వలంటీర్లో తీసుకెళ్లే నైట్ హైక్‌లోనో చూడండి. చీకట్లో పిల్లలతో మీరే చెరువు అంచుకు నడవడం వద్దు.

మొసళ్ల దగ్గర పడుకోవడం సేఫేనా అంటే, క్యాంప్‌గ్రౌండ్లో పడుకోవడం సేఫే. ఇక్కడివి ఆలిగేటర్లు, మనిషిని చూస్తే నీళ్లలోకి జారిపోవడమే వాటి సహజ గుణం. జాగ్రత్త పడాల్సింది చెరువు గట్టు మీద. పార్కు చెప్పే దూరం 30 అడుగులు, అంటే రెండు కార్లు ఒకదాని వెనక ఒకటి పెట్టినంత. బుస కొట్టిందంటే మీరు దగ్గరికి వచ్చేశారని అర్థం, మెల్లగా వెనక్కి రండి. దారికి అడ్డంగా పడుకుని ఉంటే దాటే ప్రయత్నం చేయకండి, దానికీ నీళ్లకూ మధ్య అస్సలు నిలబడకండి, అది పారిపోయే దారి మీరు మూసినట్టవుతుంది. గుడ్లు ఆగస్టు, సెప్టెంబరులో పగిలి పిల్లలు బయటికొస్తాయి కాబట్టి నవంబరులో జానెడు పొడవు, పసుపు చారల పిల్లలు గుంపుగా కనబడొచ్చు. ఎంత ముద్దుగా ఉన్నా అక్కడ ఆగకండి, తల్లి పక్కనే ఎక్కడో ఉంటుంది, అది మీకు కనబడకపోవడమే ప్రమాదం. పాపను నీళ్లకు దూరంగా ఉండే వైపు మీ చేయి పట్టుకుని నడిపించండి. ఈ పార్కులో ఎక్కడా ఈత లేదు, కాళ్లు తడుపుకోవడం కూడా వద్దు.

ఇక తిండి పెట్టడం. ఇది కొంచెం గట్టిగా చెప్పాలి. మనకు చిన్నప్పటి నుంచి అలవాటు, గుడికి వెళ్తే కోనేట్లో చేపలకు మరమరాలు వేస్తాం, కొండ మీద కోతులకు అరటిపండు పెడతాం, మిగిలిన అన్నం గోడ మీద పెడితే కాకి తింటుందంటాం. పెద్దవాళ్లకు అది పుణ్యం. మీ అత్తగారు ప్రేమతోనే ఒక చపాతీ ముక్క బాతులకు వేస్తారు. అందుకని ముందే కూర్చుని చెప్పండి. ఇక్కడ మొసలికి తిండి వేయడం చట్టప్రకారం నేరం, 500 డాలర్ల దాకా జరిమానా ఉంది. జరిమానా సంగతి పక్కన పెట్టండి, ఒక్కసారి మనిషి దగ్గర తిండి దొరికిందంటే ఆ మొసలికి మనిషంటే భయం పోతుంది, తర్వాత మనుషులు కనబడితే దగ్గరికి వస్తుంది, అప్పుడు దాన్ని పట్టుకుని తీసేస్తారు, చాలాసార్లు చంపేస్తారు. బాతుకు వేసిన చపాతీ కోసం బాతు గట్టుకొస్తే, బాతు కోసం మొసలి వస్తుంది. రకూన్‌కు వేసినా అంతే, అది రాత్రికి మీ టెంటు దగ్గరికొస్తుంది. ఆ జంతువుకు మనం చేయగల మంచి అంతా మన తిండి దానికి దొరక్కుండా చూడడమే. ఇంత వివరంగా చెప్తే పెద్దవాళ్లు వింటారు, "రూల్ ఉంది" అంటే మాత్రం వినరు.

వంట ఎక్కువ పెట్టుకోకండి. మొదటి రోజుకు పులిహోర, చపాతీలు, బంగాళాదుంప వేపుడు ఇంటి నుంచే. రెండో రోజుకు ఉప్మా రవ్వ ముందే వేయించి, తాలింపు కలిపి డబ్బాలో పెట్టుకుంటే నీళ్లు మరిగించి పోయడమే. ఒక చిన్న గ్యాస్ స్టవ్ చాలు. ప్రొద్దున్నే చెరువుకు వెళ్లే పూట టీ, కాఫీ ఫ్లాస్కులో పోసుకుని, బిస్కెట్లతో సరిపెట్టుకుని, తిరిగొచ్చాక టిఫిన్. అన్నిటికంటే ముఖ్యం: తిన్న వెంటనే తిండి, గిన్నెలు, చెత్త సంచీ, పెరుగు డబ్బాతో సహా అన్నీ కార్లో పెట్టి తలుపులేయండి. టెంట్ లోపల బిస్కెట్ ముక్క కూడా ఉండకూడదు. రకూన్లకు చేతివేళ్లలాంటి పంజాలు, కూలర్ మూత తీయడం వాటికి ఒక లెక్క కాదు. గిన్నె కడిగిన మెతుకులు చెట్టు కింద పోయకండి, ఏరి చెత్తలో వేయండి. కట్టెలు పార్కులో ఏరకూడదు, అక్కడే గానీ దగ్గర్లో గానీ కొనుక్కోవాలి, బర్న్ బ్యాన్ ఉన్న రోజుల్లో మంటే వేయకూడదు.

తెల్లవారుజాము ఎలా గడపాలో చెప్తాను, ఈ ట్రిప్ మొత్తానికీ ఇదే ప్రాణం. ఆరింటికి లేవాలి, ఆరూ యాభైకి అటూ ఇటూ సూర్యోదయం, దానికి పావుగంట ముందే ఎల్మ్ లేక్ గట్టు మీద ఏదో ఒక బెంచీ దగ్గర ఉండాలి. నడవడం అక్కడితో ఆపేయండి. చాలామంది జంతువులను వెతుక్కుంటూ నడుస్తూనే ఉంటారు, మైళ్లు పెరుగుతాయి గానీ కనబడేవి తగ్గుతాయి, ఎందుకంటే మన అడుగుల చప్పుడుకు అవి మనకంటే ముందే తప్పుకుంటాయి. ఒకేచోట అరగంట కదలకుండా కూర్చోండి. మొదటి పది నిమిషాలు ఏమీ ఉండదు, పిల్లలు విసుక్కుంటారు. ఆ తర్వాత మీరు రావడంతో ఆగిపోయినవన్నీ మళ్లీ మొదలవుతాయి, గడ్డిలోంచి నీటికోడి బయటికొస్తుంది, కొంగ వేట మొదలెడుతుంది, అవతలి గట్టు మీద జింక నీళ్లకు దిగుతుంది. ఆరేళ్ల పాప అరగంట కూర్చోలేదు, తెలుసు. ఆమెకు ఒక పని ఇవ్వండి: ఎన్ని రకాల చప్పుళ్లు వినబడ్డాయో వేళ్ల మీద లెక్కపెట్టమనండి, లేదా కనబడినవి బొమ్మ గీయమనండి. బాబుకు సొంత బైనాక్యులర్ ఇవ్వండి, ఇద్దరికీ కలిపి ఒకటి కొంటే పక్షి కంటే గొడవే ఎక్కువవుతుంది. ముందు కంటితో పక్షిని చూసి, చూపు దాని మీద నుంచి తీయకుండా బైనాక్యులర్ కళ్ల దగ్గరికి తెచ్చుకోవాలని నేర్పండి, లేకపోతే ఆకుల్లో వెతుకుతూ ఉండిపోతారు. పెద్దవాళ్లకు 8 బై 42, అంటే 8 రెట్లు దగ్గరగా చూపే, 42 మిల్లీమీటర్ల అద్దాలున్నది, సరిపోతుంది, ఖరీదైనది ఇప్పుడే అక్కర్లేదు. తెల్లటి, మెరిసే జాకెట్లు వద్దు. సెంటు, ఘాటైన నూనెలు ఆ ఒక్క పూటకు మానేయండి.

కొనాల్సిన వాటి గురించి ఎక్కువ రాయను. ఆరుగురికి స్లీపింగ్ బ్యాగులు, కింద పరుచుకునే ప్యాడ్లు, ఒక మంచి టెంట్. ఇందులో డబ్బు పెట్టాల్సింది ప్యాడ్ల మీద, చలి పైనుంచి కంటే నేల నుంచి ఎక్కువ లాగుతుంది. టెంట్ మీద వేసే రెయిన్ ఫ్లై గాలి కిటికీలు తెరిచే ఉంచండి, మూసేస్తే మన ఊపిరి తడే లోపల నీళ్లయి పొద్దునకు దుప్పట్లు తడుస్తాయి. ఎండ రోజుల్లో నవంబరులోనూ దోమలుంటాయి, డీట్ గానీ పికారిడిన్ గానీ ఉన్న మందు రాసుకోండి. బూట్లు టెంట్ బయట వదిలితే పొద్దున దులిపి వేసుకోండి. పాముల మాటకొస్తే కాపర్‌హెడ్, కాటన్‌మౌత్ రెండూ ఇక్కడున్నాయి, రెండూ విషపువే, దారి మధ్యలో నడుస్తూ, చెయ్యి పెట్టే చోటు ముందు చూసుకుంటే అవి మన జోలికి రావు. అసలు కొనేముందు ఒకసారి అలవాటు చేసుకోవాలనిపిస్తే పార్క్స్ డిపార్ట్‌మెంటే టెక్సస్ ఔట్‌డోర్ ఫ్యామిలీ అని వర్క్‌షాపులు పెడుతుంది, టెంట్లూ స్టవ్‌లూ వాళ్లే ఇస్తారు, రేంజర్లు దగ్గరుండి నేర్పిస్తారు. మీలాంటి కొత్తవాళ్ల కోసమే అది, బిడియపడకండి.

శనివారం రాత్రి కూడా కలిసొస్తే పార్కు లోపలే జార్జ్ అబ్జర్వేటరీ ఉంది, హ్యూస్టన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ సైన్స్ వాళ్లది, శనివారం రాత్రుల్లో 36 అంగుళాల టెలిస్కోప్‌లో చూపిస్తారు, టికెట్ విడిగా ముందే తీసుకోవాలి.

ఈ ట్రిప్ పిల్లలకు నచ్చితే తర్వాత ఎక్కడికని కూడా అడిగారు. మీ అత్తమామలు వెళ్లేలోపే అయితే తీరం వైపు గూస్ ఐలాండ్ స్టేట్ పార్క్, రాక్‌పోర్ట్ దగ్గర. వెయ్యేళ్లు దాటిన లైవ్ ఓక్ చెట్టు ఉందక్కడ. ఆ చుట్టుపక్కల తీరానికి హూపింగ్ క్రేన్లు కెనడా నుంచి అక్టోబరు, నవంబరులో దిగి ఏప్రిల్ దాకా ఉంటాయి, ఐదడుగుల ఎత్తు తెల్లటి పక్షులు. 1941లో ఈ వలస గుంపులో 15 పక్షులే మిగిలాయి, ఇప్పుడు 500 దాటాయి. వసంతంలో అయితే డాలస్ వైపు ఉండే ఫ్రెండ్స్‌తో కలిసి క్యాప్‌రాక్ కాన్యన్స్ స్టేట్ పార్క్. దూరం చాలా ఎక్కువ, కానీ అడవిదున్నల్లాంటి బైసన్లు పార్కులో స్వేచ్ఛగా, ఒక్కోసారి క్యాంప్‌సైట్ల మధ్యలోంచే తిరుగుతుంటాయి. వేటగాళ్లు లక్షల్లో చంపేస్తున్న కాలంలో, 1878లో చార్లెస్ గుడ్‌నైట్ తన భార్య మేరీ ఆన్ మాట మీద కొన్ని దూడలను కాపాడాడు, ఇవి వాటి సంతతే. 1997లో స్టేట్‌కు ఇచ్చారు, 2011లో పార్కులో బయటికి వదిలారు. అక్కడ దూరం 50 గజాలు, తోక పైకెత్తిందంటే కారెక్కేయడమే. వేసవిలో, మే నుంచి అక్టోబరు మధ్యలో, ఫ్రెడరిక్స్‌బర్గ్ దగ్గర ఓల్డ్ టన్నెల్ స్టేట్ పార్క్. 16 ఎకరాలు, రాష్ట్రంలోకెల్లా చిన్న స్టేట్ పార్క్. పాత రైలు సొరంగంలోంచి సాయంత్రం 30 లక్షల దాకా గబ్బిలాలు సుడి తిరుగుతూ బయటికొస్తాయి. అక్కడ క్యాంపింగ్ లేదు, కాబట్టి పెడర్నేల్స్ ఫాల్స్‌లో సైటు తీసుకుని సాయంత్రానికి కార్లో వెళ్లి రండి. హిల్ కంట్రీలో, అంటే ఆ మధ్య టెక్సస్ కొండల ప్రాంతంలో, నది పక్కన టెంట్ వేసినప్పుడు మాత్రం వాన సూచన ఉంటే ఆ రాత్రి అక్కడ ఉండకండి. 2025 జూలై 4న గ్వాడలూప్ నది నిద్రలో ఉన్నవాళ్ల మీదికి వచ్చింది, వంద మందికి పైగా పోయారు. ఎప్పుడూ నీటి మట్టం కంటే బాగా ఎత్తున్న సైటు తీసుకోండి, ఫోన్లో వాతావరణ హెచ్చరికల శబ్దం ఆన్‌లో పెట్టుకుని పడుకోండి, సిగ్నల్ లేని చోటికి బ్యాటరీతో నడిచే వెదర్ రేడియో ఒకటి తీసుకెళ్లండి.